దగ్గులు రాసుకున్న సార్

పోయిన దసరా నాడు మా బాపు ఎప్పటిలాగే సార్‌కు ఫోన్ చేశాడు. ఎవరో కొత్త మనిషి ఎత్తాడు.

"సార్ లేరండీ."

"మంచిది. వచ్చినంక చెప్పున్రి, నాంపల్లి పెట్టెల దుకాణం పెద్దన్న చేసిండని."

అవతల కాసేపు చప్పుడు లేదు.

"అది కాదండీ. సార్... లేరు."

"ఔ బాబూ, ఇప్పుడే చెప్పినవు గద. పొద్దుగూకినంక చేస్తలే."

నేను బాపు చేతిలోంచి ఫోన్ తీసుకున్నాను. ఎత్తింది సార్‌తో పాటు పనిచేసే లెక్చరరట. నిద్రలోనే గుండె ఆగిపోయిందన్నాడు. నేను ఆ మాట చెప్పగానే బాపు, ఆయన తమ్ముడు చిన్నబాపు ఇద్దరూ గల్లా పక్కన కూలబడ్డారు. చాలాసేపటికి చిన్నబాపు ముక్కు తుడుచుకున్నాడు.

"గిది వింటే సార్ ఎంత సంబురపడేటోడు అన్నా. ఒక 'లేరు'కూ ఇంకో 'లేరు'కూ నడుమ ఎంతసేపు ఆగిండని నీ పానం తీసేటోడు."

నిజమే. తన చావు కబురులో కూడా ఆయనకు ముందు ఆ రెండు 'లేరు'లే వినిపించేవి.

నేను డిగ్రీలో ఉన్నప్పుడు సార్ మా ఇంటి పై రూములో కిరాయికి దిగారు. పొడుగు మెడ, జేబులో ఎప్పుడూ రాయని పెన్ను ఒకటి, రాసే పెన్ను ఒకటి. ఎవరైనా మాట్లాడుతుంటే ఎడమ చెవి ముందుకు పెట్టి, నోరు కొంచెం తెరిచి, గింజల చప్పుడు విన్న కోడిలా తల వంచేవారు. నలభై దాటినా పెళ్లి లేదు. యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తున్నారని, అది ఎప్పటినుంచో చేస్తూనే ఉన్నారని, ఇంకా చేస్తూనే ఉంటారేమోనని ఆయనకే అనుమానమని మొదటి వారంలోనే తెలిసింది.

మొదటి రోజే అమ్మ మర్యాదకు అడిగింది, "తిన్నరా సార్?"

ఆయన మెట్ల మీద ఆగిపోయారు. "వదినా, తిననట్టయితే పెడ్తనని అడిగిన్రా, తిన్నట్టయితే ఏం తిన్ననో తెల్సుకుందామని అడిగిన్రా?"

అమ్మ బిత్తరపోయింది. "ఊకెనే అడిగిన సార్."

"గదే!" అని తొడ మీద ఒక్కటి చరుచుకున్నారు. "ఊకెనే! మనుషులు గింత పెద్ద పని చేసి ఊకెనే అంటరు. లోకంల ఊకెనే అనేది లేదు వదినా." చరచరా పైకి పోయి ఏదో రాసుకున్నారు. అమ్మ ఆ పూట నుంచి ఆయన్ను ఏమీ అడక్కుండా టిఫిన్ పంపించేది. అడిగితే తినరు, రాసుకుంటారని.

ఆయన చదువేంటో మాకు అర్థం కావడానికి చాలా కాలం పట్టింది. ఒకసారి దుకాణంలో చిన్నబాపే నేరుగా అడిగాడు. సార్ ఎదురుగా ఉన్న సూట్‌కేసును చూపించి, "చిన్నన్నా, దీని వెనక దిక్కు నీకు కనిపిస్తున్నదా?" అన్నారు.

"లేదు."

"కనిపించకుండనే ఇది నిండు సూట్‌కేసని ఎట్ల అనుకుంటున్నవు? ముందర దిక్కు మాత్రమే ఉండొచ్చు గద."

చిన్నబాపు ముఖం మాడిపోయింది. గబగబా సూట్‌కేసు తిప్పి వెనక తట్టి చూపించాడు. "వెనక గూడ ఉన్నది సార్. రెండేండ్ల గ్యారంటీ ఉన్నది. మా దుకాణంల ముందర దిక్కు మాలు అమ్మం."

"ఇప్పుడు ముందర దిక్కు కనిపిస్తలేదు గద," అన్నారు సార్ ఆశగా.

అప్పటికే దుకాణంలో ఉన్న కొనేవాళ్లు ఇద్దరు సూట్‌కేసులకు వెనకలున్నాయో లేదో చూసుకోవడం మొదలుపెట్టారు. చిన్నబాపు ఇంకెప్పుడూ ఆ చదువు గురించి అడగలేదు.

నాకు మాత్రం చెప్పారు. "మనం రోజూ చేసే పనులే బిడ్డా. ఎవడు ముందు మాట్లాడాలె, ఎవడు జరగాలె, ఎప్పుడు 'సరే మరి' అని ఫోన్ పెట్టాలె, ఎవ్వరూ నేర్పలే, అందరికీ వస్తది. ఎట్ల వస్తది? గది చూసుడే నా పని."

చూడ్డం అంటే దూరం నుంచి చూడ్డం కాదు. చాదర్‌ఘాట్ పోయే షేర్ ఆటోలో కొత్త మనిషి ఎక్కితే ఉన్నవాళ్లు మాటా పలుకూ లేకుండా ఎలా సర్దుకుంటారో ఆయనకు ఎంతో ముచ్చట. ఒకసారి ఆ ముచ్చట ఆపుకోలేక, "అన్నా, జర ఆయన్ను దిగమను, మల్లొకసారి ఎక్కమను, మీరు ఎట్ల జరిగిన్రో నాకు మంచిగ కనిపియ్యలే" అన్నారు. ఎక్కినాయన దిగలేదు. అందరూ కలిసి సార్‌నే దింపారు.

ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ పుస్తకాల దగ్గర నేను కళ్లారా చూసింది ఇంకోటి. ఎదురుగా వచ్చే మనిషీ మనమూ ఒకే పక్కకు తప్పుకుని, మళ్లీ ఇద్దరం రెండో పక్కకు తప్పుకుని ఇబ్బంది పడతాం కదా. ఎవరైనా రెండోసారికి నవ్వి ఆగిపోతారు. సార్ ఆగలేదు. ఆయన ఇటు, ఈయనా ఇటే. ఆయన అటు, ఈయనా అటే. ఎదుటి పెద్దమనిషి చేతిలో కూరగాయల సంచి. చివరికి ఆయన సంచి కింద పెట్టి, రెండు చేతులూ జోడించి, "నాయనా, నేను ఇంటికి పోవాలె" అన్నాడు. సార్ కూడా చేతులు జోడించి ఆయన్ను చాయ్‌కి పిలిచారు. ఇద్దరూ చాయ్ తాగారు కూడా.

ఇలాంటి మనిషికి మా దుకాణం దొరికింది.

మా దుకాణం నాంపల్లి స్టేషన్ రోడ్డు మీద. తాత రేకు పెట్టెలతో మొదలుపెట్టాడు. తాత పోయాక కుడివైపు బాపు రేకు పెట్టెలు, ఎడమవైపు చిన్నబాపు చక్రాల సూట్‌కేసులు. గల్లా ఒకటే, తాళం ఒకటే, అన్నదమ్ముల మధ్య మాట మాత్రం లేదు. ఇంట్లో అమ్మా చిన్నమ్మా ఒకే పొయ్యి దగ్గర నవ్వుకుంటూ వండేవాళ్లు. వీళ్లిద్దరే మాట్లాడుకునేవాళ్లు కాదు. ఎందుకో పిల్లలం ఎవరం అడగలేదు. దుకాణానికి కుడి ఎడమలున్నట్టు అదీ ఉంది అనుకున్నాం.

మాట లేకుండా వ్యాపారం ఎలా? చాలా బాగా నడిచేది. చిల్లర కావాలంటే బాపు కొనేవాళ్లతో, "అమ్మా, జర ఆ దిక్కు చెప్పున్రి, నూరుకు చిల్లర గావాల్నట" అనేవాడు. కొనేవాళ్లు లేకపోతే ఫ్యాన్‌కు చెప్పేవాడు. చిన్నబాపు దేవుడి పటానికి చెప్పేవాడు. గల్లా వెనక సందు ఇరుకు. ఒకరు అటు పోవాలంటే దగ్గేవారు, రెండోవారు జరిగేవారు. పెద్ద దగ్గు అంటే పెట్టె మోస్తున్నానని. చిన్న దగ్గు అంటే ఊరికే దాటుతున్నానని.

సార్ ఒకరోజు కిరాయి ఇవ్వడానికి దుకాణానికి వచ్చి, అరగంట చూసి, ఒక రేకు పెట్టె మీద కూర్చుండిపోయారు. మర్నాడు కూడా వచ్చారు. ఆ మర్నాడూ వచ్చారు. గల్లా మీద ఫోన్ పెట్టి రికార్డు చేసుకుంటానంటే అన్నదమ్ములిద్దరూ ఒప్పుకున్నారు, బాపు నాతో చెప్పి, చిన్నబాపు ఫ్యాన్‌తో చెప్పి. రాత్రి పైన కూర్చుని ఆ దగ్గులన్నీ కాగితం మీద ఎక్కించేవారు. గైడుకు పంపితే ఆయన మొదటిసారి మెచ్చుకున్నారట. "బిడ్డా, ఇగ నా చదువు అయిపోతది" అని నాకు మిఠాయి పెట్టారు.

రెండేళ్లు అలా నడిచింది. ఒకరోజు సార్‌కు బుద్ధి పుట్టి, ఇంతకీ మాటలెందుకు ఆగాయని విడివిడిగా ఇద్దర్నీ అడిగారు.

బాపు చెప్పింది ఇది. తాత మంచాన పడ్డప్పుడు చిన్నబాపు వంగి అడిగాడట, "నాయనా, రేకు పెట్టెలు బంద్ జేద్దామా?" అని. తాత "ఊఁ" అన్నాడు. ఆ రాత్రే పోయాడు. "అది 'ఇంటున్న, చెప్పు' అనే ఊఁ సార్. మా నాయన ప్రతిదానికి అట్లనే అనేటోడు. గా ఊఁ పట్టుకుని వీడు నాయన పెట్టెలు పారేస్తనన్నడు."

చిన్నబాపు చెప్పిందీ అదే. "ఊఁ అంటే ఊఁనే గద సార్. ఔ అన్నట్టే. మా అన్న నాయన మాట కాదన్నడు."

మాకు అప్పుడే తెలిసింది, ఇన్నేళ్లూ మా ఇంట్లో గొడవ ఒక ఊఁ మీద అని. సార్‌కు మాత్రం పండగ. "ఏ ఊఁనో వింటే గాని చెప్పలేను. జర చేసి చూపిస్తరా?" అన్నారు.

ఒక ఆదివారం మధ్యాహ్నం, షట్టర్ సగం దించి, చూపించారు. బాపు ముందు ఒప్పుకోలేదు, వాడితో మాట్లాడనని. సార్ నచ్చజెప్పారు. "మీరు మాట్లాడుతలేరు పెద్దన్నా. నాయన మాట్లాడుతున్నడు. మీరు నాయన." బాపు ఆ మెలిక ఒప్పుకుని బల్ల మీద పడుకున్నాడు. చిన్నబాపు వంగాడు.

"నాయనా, రేకు పెట్టెలు బంద్ జేద్దామా?"

"ఊఁ."

"గిట్లన్లే సార్! గింత గట్టిగ అన్లే. ఎద్దు లెక్క అంటున్నడు, చూడున్రి."

"నేను ఎద్దునా? అయితే వాడినే పండుకొమ్మనున్రి."

చిన్నబాపు పడుకున్నాడు. బాపు వంగి అడిగాడు. చిన్నబాపు కళ్లు మూసుకుని, గొంతు కిందికి దించి, "ఊఁ" అన్నాడు. అచ్చం తాత గొంతు. బాపు చప్పున లేచి అటు తిరిగి పెట్టెల దుమ్ము తుడవడం మొదలుపెట్టాడు. అక్కడ దుమ్ము లేదు.

సార్ చెవి ముందుకు పెట్టి, "ఊఁ కంటే ముందు ఏమైంది? ఎవరెవరున్నరు?" అన్నారు.

అప్పుడే అన్నం డబ్బాలు తెచ్చిన అమ్మ షట్టర్ కిందినుంచి వంగి లోపలికి వచ్చింది. "నేనున్న," అంది. "ఎందుకు?"

"నాయన ఆఖరుసారి ఊఁ అన్నప్పుడు..."

"నేను జావ తాపుతున్న. ఇంకింత పోయాల్నా మామా అన్న. ఊఁ అన్నడు. పోసిన. తాగిండు."

సార్ గబుక్కున పెన్ను తీశారు.

"చిన్నన్న ఏదో అడిగిండు గద వదినా, అప్పుడే?"

"అడిగిండేమో. ఇద్దరు చెరో చెవుల ఒర్రుతున్నరు. ముసలాయనకు వీళ్ల మాట ఏం వినిపిస్తది? జావ గిన్నె దిక్కే చూస్తున్నడు."

"మరి ఇన్నేండ్లు చెప్పవేమే!" అన్నాడు బాపు.

"ఊఁ గురించి కొట్లాడుతున్నరని నాకేం ఎర్క? దుకాణం కోసమనుకున్న. నన్నెవరన్న అడిగిన్రా?"

చిన్నబాపు బల్ల మీద లేచి కూర్చున్నాడు. "అన్నా, జావకు అన్నడా ఊఁ?"

"జావకే అన్నడట్ర," అన్నాడు బాపు.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. చిన్నబాపుకు ముందు నవ్వు వచ్చింది. బాపుకు ముందు ఏడుపు వచ్చింది. కాసేపటికి ఎవరిది ఏదో తెలియలేదు. ఆ రోజు అన్నం ఒకే డబ్బాలోంచి తిన్నారు. స్టేషన్ గురించి, మోకాళ్ల గురించి, చిన్నప్పుడు బేగం బజార్‌లో తప్పిపోయిన గొడుగు గురించి సాయంత్రం దాకా ఆపకుండా మాట్లాడారు.

సార్ మాత్రం ఫోన్ జేబులో పెట్టుకుని మెల్లగా ఇంటికి వచ్చేశారు. రెండు రోజులు కిందికి దిగలేదు. పంపిన టిఫిన్ అలాగే వచ్చింది. నేను పైకి పోతే గోడకు ఆనుకుని కూర్చున్నారు.

"మంచే అయింది బిడ్డా. చానా మంచిగయింది. గని నా చదువు పోయింది. 'మాట్లాడుకోని ఇద్దరు దుకాణం ఎట్ల నడుపుతరు' అని నా థీసిస్. వాళ్లు మాట్లాడుకుంటున్నరు. ఆఖరి అధ్యాయానికి ఇంకా రికార్డు కావాలె. గైడు నన్ను గౌలిగూడ బస్సెక్కించి ఊరికి పంపిస్తడు."

నేను వచ్చి చెప్పాను. బాపు, చిన్నబాపు ఆ రాత్రి గంభీరంగా ఆలోచించారు.

"మన పంచాయితీ తెంపిన మనిషి," అన్నాడు బాపు. "ఆయన కడుపు కొట్టొద్దు."

"మరి ఏం జేద్దామన్నా?"

"ఆయన ముందర మాట్లాడొద్దు."

మర్నాడు బాపు పైకి పోయి, మళ్లీ గొడవైందని, ఇక తమ్ముడి ముఖం చూడనని చెప్పి వచ్చాడు. సార్ ఆ పూటే దిగి వచ్చి పెట్టె మీద కూర్చున్నారు. మా ఇంట్లో కొత్త కొలువు మొదలైంది. మాటలు కలిశాక దుకాణంలో కలిపేసిన సామాను రోజూ ఆయన రాకముందే కుడి ఎడమలకు లాగడం ఒక పని. ఆయన వస్తుంటే సెలవు రోజుల్లో గుమ్మంలో నిలబడి 'సార్ వచ్చిన్రు' అని గట్టిగా అనడం నా పని. అసలు చిక్కు ఏంటంటే, అన్నదమ్ములు మాట్లాడుకోకపోవడం మరిచిపోయారు. పాత రోజుల్లో ఫ్యాన్‌కు చెప్పినా కసురుతూ చెప్పేవాళ్లు. ఇప్పుడు బాపు తల పైకెత్తి, "ఫ్యానూ, మా తమ్మునికి పొద్దుగాల నుంచి తలనొప్పి ఉన్నది, జర గోళీ వేసుకొమ్మను" అనేవాడు. చిన్నబాపు దేవుడి పటానికి దండం పెట్టి, "స్వామీ, వేసుకున్నడని చెప్పు. అన్న ఫికర్ చెయ్యొద్దని చెప్పు" అనేవాడు.

ఒకసారి నేను చూసుకోలేదు. సార్ వచ్చేసరికి ఇద్దరూ ఒక మిర్చిబజ్జి పొట్లం మీద తలలు ఆనించి ఏదో చెప్పుకుని పకపకా నవ్వుతున్నారు. ఆయన్ను చూసి చెరో పక్కకు దూకారు. చిన్నబాపు నోట్లో నిండు మిర్చి. నమలలేడు, ఉమ్మలేడు, అన్న మీద కోపం మాత్రం చూపించాలి. కళ్లలోంచి నీళ్లు ధారగా కారుతుంటే బాపు వైపు ఉరిమి చూశాడు. సార్ అప్పుడే బయట పోతున్న సిటీ బస్సును ఎంతో శ్రద్ధగా చూశారు.

"ఎండ మంచిగ కొడ్తున్నది," అన్నారు. ఆ రోజు మబ్బుగా ఉంది.

థీసిస్ ఇచ్చారు. చివరి పరీక్ష, వైవా అంటారు కదా, దానికి మమ్మల్ని పిలిచారు. బాపు, చిన్నబాపు ఇస్త్రీ చొక్కాలు వేసుకుని వచ్చారు. ఆయన చూస్తారని నన్ను మధ్యలో కూర్చోబెట్టి చెరో వైపు కూర్చున్నారు. పరీక్ష చేయడానికి ఎక్కడినుంచో ఒక పెద్ద మేడం వచ్చారు. అంతా ఇంగ్లిషు. మేడం ఆఖరి అధ్యాయం తీసి దాని పేరు చదివారు. ఆ పేరుకు అర్థం, కలిసిపోయిన అన్నదమ్ములు తమ మిత్రుడి కోసం మాట్లాడుకోనట్టు నటించడం అని. అంతా ఉన్నదున్నట్టు రాశారు సార్, మిర్చిబజ్జితో సహా.

"వాళ్లు మాట్లాడుకుంటున్నారని మీకు కచ్చితంగా తెలుసా?" అని అడిగారు మేడం.

బాపుకు అందిన ఇంగ్లిషు మాటలు మూడే. బ్రదర్స్, టాకింగ్, షూర్. సార్‌ను అనుమానిస్తున్నారనుకున్నాడు. నేను చొక్కా పట్టుకుని గుంజేలోపే లేచి నిలబడ్డాడు.

"మేడం, సార్ మీద అనుమానం వద్దు. మేం మాట్లాడుకోం."

చిన్నబాపు కూడా లేచాడు. "ఔ మేడం. మా అన్న చెప్పింది నిజం. నేనైతే మా అన్న ముఖం గూడ చూడ."

"నువ్వు కూసోర, నేను చెప్తున్న గద."

"నువ్వే కూసో అన్నా, మోకాలు నొస్తున్నదని పొద్దుగాలనే అన్నవు."

"గది ఈడ చెప్తవా?"

హాలంతా ఘొల్లుమంది. వీళ్లిద్దరూ ఎందుకో తెలియక ఒకరినొకరు చూసుకున్నారు. సార్ బల్ల మీద తల వాల్చేశారు. భుజాలు అదురుతున్నాయి. మేడం కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "నాకింక ప్రశ్నలు లేవు," అన్నారు తెలుగులో.

తర్వాత ఆబిడ్స్‌లో ఇరానీ హోటల్లో కూర్చున్నప్పుడు సార్ థీసిస్‌లో ఏం రాశారో నేను తెలుగులో చెప్పాను. బాపు చాయ్ కప్పు కింద పెట్టాడు.

"ఎప్పటిసంది తెల్సు సార్ మీకు?"

"మీరు మల్ల కొట్లాడిన్రని చెప్పిన దినమే పెద్దన్నా. ఇద్దరు గల్లా వెనక దాటుకున్నరు, ఒక్క దగ్గు లేదు. దగ్గకుండనే ఒకళ్లకొకళ్లు జాగ ఇచ్చుకున్నరు."

"మరి చెప్పొచ్చు గద! పొద్దున్నే పెట్టెలు గుంజి గుంజి నా నడుము పోయింది."

సార్ కాసేపు బిస్కెట్టు ముక్కలు చేశారు. "ఎట్ల చెప్పాలె? నా కోసం గింత తిప్పలు ఎవ్వలు పడలే పెద్దన్నా. మా ఇంట్ల గూడ పడలే. చెప్తే మీరు బంద్ జేస్తరు. ఇంకో దినం చూద్దాం, ఇంకో దినం చూద్దాం అనుకుంట ఉన్న."

బాపుకు ఆ మాట నచ్చిందో, నొప్పించిందో తెలియదు. తల అటు తిప్పుకున్నాడు. తమ్ముడితో అన్నాడు, "ఆయనకు చెప్పు, చాయ్ చల్లారుతున్నదని."

చిన్నబాపు నోరు తెరిచాడు. సార్ వెన్ను నిటారుగా పెట్టి, కొత్త పెళ్లికొడుకులా వెలిగిపోతూ, "చిన్నన్నా, తాగుతున్నడని చెప్పు," అన్నారు.

ఆయనకు దూరాన ఒక కాలేజీలో ఉద్యోగం వచ్చి, గది ఖాళీ చేసేదాకా సార్‌తో నేరుగా మాట్లాడనన్న పట్టు బాపు వదల్లేదు. అన్నీ మా ద్వారానే. సామాను తనే కట్టాడు, పచ్చడి తనే మూత బిగించాడు, స్టేషన్ దాకా తనే మోశాడు, మాట మాత్రం తమ్ముడి చేతే చెప్పించాడు. "మంచిగ చేరినంక ఫోన్ చెయ్యమను." "చేస్తనని చెప్పున్రి." ప్లాట్‌ఫాం మీద అందరూ మమ్మల్నే చూస్తున్నారు. రైలు కదిలింది. సార్ కిటికీలోంచి ఒక చెయ్యి పూర్తిగా బయటికి చాపి ఊపుతున్నారు. అవతల కరెంటు స్తంభం వస్తోంది. బాపు ఒక్కసారిగా రైలు వెంట పరుగెత్తాడు.

"సార్! చెయ్యి లోపటికి తీస్కో! నీకే చెప్తున్న, సార్, చెయ్యి!"

ఆయన గబుక్కున చెయ్యి లోపలికి తీసుకున్నారు. స్తంభం దాటిపోయింది. తర్వాత ఆ పొడుగు మెడ కిటికీలోంచి బయటికి వచ్చి బాపు వైపు చూసింది. ముఖమంతా నవ్వు. ఈసారి రెండు చేతులూ బయట పెట్టారు.